ఊళ్లు ఒకపక్క, టైములు ఒకపక్క

శ్రీకాకుళం కాంప్లెక్స్ నుంచి బయల్దేరే బస్సుల టైములతో ఆమధ్య ఒక వెబ్ పేజీ కట్టాను. ఎడమవైపు ఊళ్లు: పాలకొండ, రాజాం, టెక్కలి, పాతపట్నం. కుడివైపు టైములు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. చిన్న ఫోన్లో కూడా చెదిరేది కాదు. మా బావకి చూపు లేదు, ఫోన్లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని అన్నీ వింటాడు. ఆ పేజీ తెరిచి కాసేపు విని, "ఏటి బావా ఇది! ఊళ్లన్నీ ఒక్కపాలే సదివీసింది, టైములన్నీ ఒక్కపాలే సదివీసింది. పాతపట్నం బస్సు ఎన్నింటికో నాను లెక్కెట్టుకోవాలేటి?" అన్నాడు.

తప్పు నాదే. రెండు డివ్‌లు (ఉత్త డబ్బాల్లాంటి ట్యాగులు; ట్యాగంటే ఏది ఏమిటో బ్రౌజరుకి చెప్పే గుర్తు) పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో ఊళ్లు, రెండోదాంట్లో టైములు పోసి, ప్రతి లైను చివరా లైను తెంచే బీఆర్ ఒకటి కొట్టాను. కంటికి అది పట్టిక. బ్రౌజరుకి మాత్రం ఒకదాని తర్వాత ఒకటి వచ్చే రెండు పేరాలు. ఏ ఊరికి ఏ టైమో నా కోడ్‌లో ఎక్కడా లేదు. తెర మీద రెండూ ఒకే ఎత్తులో కనిపించడమే వాటికున్న చుట్టరికం. ఇంకో విచిత్రం, పేజీ అందరికీ అందుతుందా అని చూసి యాక్సెసిబిలిటీ తప్పులు పట్టే టూల్‌తో ఆ పేజీని పరీక్షిస్తే ఒక్క ఎర్రగీత పడలేదు. పడదు కూడా. ఊరినీ టైమునీ కలిపే ట్యాగే లేనప్పుడు అక్కడ అది ఉండాల్సిందని టూల్‌కి ఎలా తెలుస్తుంది?

మరి టేబుల్ ట్యాగ్ ఎందుకు వాడలేదు? ఈ పనిలో ఉన్న చాలామందికి "టేబుల్ వాడకూడదు" అన్న మాట బుర్రకెక్కేసింది కాబట్టి. దాని వెనక కథ ఉంది. 1997 జనవరిలో వచ్చిన హెచ్‌టీఎంఎల్ (ఈ ట్యాగుల భాష) 3.2 నాటికి టేబుల్ అధికారికమైంది. పేజీ రూపం దిద్దే సీఎస్‌ఎస్ ఇంకా కాళ్లూనుకోని రోజులవి. పేజీలో మెనూ ఎడమకి, బొమ్మ కుడికి రావాలంటే టేబుల్ తప్ప దిక్కు లేక, టేబుల్లో టేబుల్, అందులో ఇంకో టేబుల్ పెట్టి పేజీలు కట్టారు. తర్వాత దాన్ని మాన్పించడానికి పెద్ద పోరే జరిగింది. పేజీ అమరికకి టేబుల్ వాడొద్దన్నది అప్పటి మాట. మనం మొదటి ముక్క వదిలేసి చివరిది పట్టుకున్నాం. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, నిజమైన పట్టికని కూడా డివ్‌లతో కడుతున్నాం.

నేనిప్పుడు పెట్టుకున్న పరీక్ష ఒకటే. తెర వైపు చూడని మనిషికి ఫోన్లో ఆ వివరం చదివి చెప్పాలి. ఒక అంకె అర్థం కావడానికి పైనున్న పేరు, పక్కనున్న పేరు రెండూ చెప్పాల్సివస్తే అది పట్టిక. ఒక్క పేరుతో సరిపోతే పట్టిక అక్కర్లేదు.

పలాస జీడిపప్పు ధరలే తీసుకుందాం. "డబ్ల్యూ 320, కిలో ఇంత" అని రకం, ధర మాత్రమే ఉంటే అది జంటల వరస. దానికి డీఎల్ అనే జాబితా ట్యాగ్ ఉంది. రకం డీటీలో, ధర డీడీలో. అదే పేజీలో నిన్నటి ధర, ఈరోజు ధర, పౌను బరువుకి ఎన్ని పప్పులు అన్నవి కూడా చేరాయనుకోండి, లెక్క మారిపోతుంది. డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 తూగే తెల్ల పప్పు, డబ్ల్యూ 240 అంటే 220 నుంచి 240. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు. ఇప్పుడు "240" అని వినిపిస్తే అది రకమా, పప్పుల లెక్కా? నిలువు వరస పేరు చెప్తే తప్ప తేలదు. టేబుల్ పై వరసలో టీహెచ్‌లకి (వరస పేరుండే గడులు), ఆ పేరు నిలువుకా అడ్డానికా అని చెప్పే స్కోప్ "కాల్", ప్రతి అడ్డవరస మొదట్లో రకం పేరుకి కూడా టీహెచ్ పెట్టి స్కోప్ "రో" అని రాస్తే, కంప్యూటర్లో తెర చదివి వినిపించే ఎన్‌వీడీఏ వాడేవాళ్లు కంట్రోల్, ఆల్ట్ నొక్కి బాణం మీటలతో గడి గడికీ వెళ్లగలరు. గడి మారినప్పుడల్లా దాని వరస పేరు కూడా చెవిన పడుతుంది. పైన క్యాప్షన్ ట్యాగ్‌లో ఇవి ఏ రోజు ధరలో రాస్తే పట్టికలోకి దిగకముందే సంగతి తెలుస్తుంది. రకం పేరుని మామూలు గడి అయిన టీడీలో పడేసి బోల్డ్ చేసి ఊరుకోవడం నేను ఎక్కువగా చూసే తప్పు. లావుగా కనిపించినంత మాత్రాన అది వరస పేరు అయిపోదు.

డీఎల్ కొత్తదేమీ కాదు. 1991 నాటి మొట్టమొదటి ట్యాగుల జాబితాలోనే ఉంది. టేబుల్ అప్పటికి లేదు. తెలుగువాళ్లకి డీఎల్ గురించి పాఠం చెప్పాల్సిన పనే లేదు, బడిలో పద్యానికి ప్రతిపదార్థం రాసిన వాళ్లమే కదా. పదం, సమానం గుర్తు, అర్థం. ఆ సమానం గుర్తే డీఎల్. ఒక పదానికి రెండు అర్థాలుంటే ఒక డీటీ కింద రెండు డీడీలు పెట్టొచ్చు. దీన్ని టేబుల్లో పెట్టి పైన "పదం", "అర్థం" అని రాస్తే వినేవాడికి ఒరిగేదేమీ లేదు, ఆ సంగతి వాడికి ముందే తెలుసు. మూడో వరసలో విభక్తి, సమాసం చేరిస్తే మాత్రం టేబుల్‌కి మారక తప్పదు.

నాటకాల ఊరు విజయనగరం కాబట్టి సంభాషణల మాట కూడా చెప్పాలి. పాత్ర పేరు ఎడమన, మాట కుడిన అచ్చువేస్తారు కనక అదీ పట్టికలాగే ఉంటుంది. హెచ్‌టీఎంఎల్ 4 సంభాషణలకి డీఎల్ వాడొచ్చంది, హెచ్‌టీఎంఎల్ 5 వచ్చాక పనికిరాదంది. రెండో మాటే నాకు నచ్చింది. పాత్ర పలికిన మాట ఆ పాత్ర పేరుకి అర్థం కాదుగా. మామూలు పేరాలు చాలు.

తెలుగులో అస్సలు కుదరనిది స్పేసులు కొట్టి గడులు సర్దడం. స్పేసుల్ని ఉన్నవున్నట్టు ఉంచే ప్రీ ట్యాగ్‌లో ఇంగ్లీషు వరసలు నిలువుగా నిలబడతాయి. అక్కడ ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పున్న ఫాంట్లున్నాయి. మన "స్త్రీ" ఒక్క అక్షరమే అయినా, యూనికోడ్‌లో ఆరు ముక్కలు, తెర మీద వెడల్పు ఇంకో రకం. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాల మీద గురు లఘువుల గుర్తులు స్పేసులతో పేర్చి చూశాను. నా కంప్యూటర్లో బాగానే కుదిరాయి, ఫోన్లో తెరిస్తే ఐదో అక్షరం దగ్గరే గుర్తు పక్కింటికి జరిగిపోయింది. అక్షరం కింద, గుర్తు పైన ఉండాలంటే రెండు వరసల టేబులే. భ ర న భ భ ర వ గణాల పేర్లకి ఇంకో వరస చేరిస్తే మూడు అక్షరాల గణానికి, ఒక గడిని అన్ని గడుల మేర పరిచే కాల్‌స్పాన్ 3, చివరి వగణానికి 2. ఆరు మూళ్లు పద్దెనిమిది, రెండు, ఇరవై. గణవిభజన చక్కగా కూర్చుంటుంది.

ఫోన్లో టేబుల్ పట్టదని భయపడి, సీఎస్‌ఎస్‌లో టేబుల్‌కే, మామూలు డబ్బాలా చూపించమనే డిస్‌ప్లే బ్లాక్ పెట్టేవాళ్లున్నారు. అలా చేస్తే కొన్ని బ్రౌజర్లు దాన్ని పట్టికగా లెక్కచేయడం మానేయొచ్చు. దానికన్నా టేబుల్ చుట్టూ ఒక డివ్ కట్టి, ఆ డివ్‌ని పక్కకి జరిగేలా చేయడం మేలు. ఉత్సవాల కార్యక్రమాలు, ఎంపిక జాబితాలు ఫొటో తీసి పేజీలో అంటించడం గురించైతే నాకు మాటలే రావు. ముప్పై వరసల పట్టికని, బొమ్మకి బదులు వినిపించే ఏ ఆల్ట్ టెక్స్ట్‌లో ఇరికిస్తారు? కంటికి కనిపించే అమరికలోని సంబంధం కోడ్‌లో కూడా ఉండాలని 2008లోనే వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.0 చెప్పింది. అది కూడా అన్నిటికన్నా కింది మెట్టు అయిన ఎ స్థాయిలో.

నా బస్సుల పేజీలో టైము తెలియడానికి ఊరి పేరు ఒక్కటే చాలు, కాబట్టి ఒక సాయంత్రం కూర్చుని దాన్ని డీఎల్‌కి మార్చాను. ఊళ్లకి డీటీ, టైములకి డీడీ. బావ ఒక్కో వరసా విన్నాడు. టెక్కలి దగ్గర ఆగి, వెనక్కెళ్లి మళ్లీ విన్నాడు.

"టెక్కలి టైము పాతపట్నానికీ, పాతపట్నం టైము టెక్కలికీ ఎట్టేసినావు బావా."

పాత పేజీ తీసి చూశాను. మొదట్నుంచీ అలాగే ఉంది.