స్థానిక జడ్జి ఘనత తెలిసేది ఆయన రాసిన కాగితాల్లోనే

హైకోర్టు న్యాయమూర్తి కన్నుమూస్తే ఫుల్ కోర్టు, అంటే అక్కడి న్యాయమూర్తులంతా, సమావేశమై సంతాపం తెలుపుతుంది. ఆయన ఇచ్చిన ముఖ్యమైన తీర్పులు అక్కడ ప్రస్తావనకు వస్తాయి. చిన్న పట్టణంలో జూనియర్ సివిల్ జడ్జిగా ఏళ్లకేళ్లు పనిచేసినవారికి ఆ భాగ్యం లేదు. వారి తీర్పులు లా జర్నళ్లలో అచ్చుకావు. బార్ అసోసియేషన్ సభలో రెండు నిమిషాల మౌనం, పటానికి దండ, నిజాయతీపరులు, నిరాడంబరులు అన్న మాటలతో సరిపెడతాం. ఆ మాటలు నిజమే కావచ్చు, కానీ ఎవరి సంతాప సభలోనైనా అవే వినిపిస్తాయి. ఆ జడ్జి చేసిన సేవ ఏమిటో వాటిలో కనిపించదు.

మన రెండు రాష్ట్రాల్లోని చిన్న పట్టణాల్లో చాలాచోట్ల సివిల్ జడ్జీ, ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటూ ఒక్కరే. పొద్దున ఆనాటి కేసుల్ని పిలిచే కాల్‌వర్క్‌లో పొలం గట్టు తగాదా వింటారు. సాయంత్రానికి రిమాండు ముద్దాయి ఎదుట నిలబడతాడు. ఇవన్నీ ఒక ఎత్తు, మరణ వాంగ్మూలం నమోదు ఒక్కటీ ఒక ఎత్తు.

కాలిన గాయాలతో ఒక మహిళ ఆసుపత్రిలో చేరిందనుకుందాం. వాంగ్మూలం నమోదు చేయమన్న రిక్విజిషన్ (లిఖితపూర్వక అభ్యర్థన) అందగానే, అర్ధరాత్రి దాటినా సరే, మేజిస్ట్రేటు బయల్దేరాలి. ముందుగా పోలీసుల్నీ, బంధువుల్నీ మంచం దగ్గర్నుంచి బయటికి పంపాలి. తానెవరో, ఎందుకొచ్చారో ఆమెకు చెప్పాలి. పేరు, ఊరు, ఇప్పుడెక్కడున్నారు వంటి చిన్న ప్రశ్నలు వేసి, జవాబులు రాసుకుని, ఆమె తెలివిలోనే ఉందని తానుగా నమ్మకం కుదుర్చుకోవాలి. డ్యూటీ డాక్టరు చేత కూడా ఆ మాట రాయించాలి. ఆ తర్వాతే ‘ఏం జరిగింది?’ అని అడగాలి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. చేతులు కాలిపోతే కాలి బొటనవేలి ముద్ర. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం తప్పక వేయాలి.

తేడా వచ్చేది ఇక్కడే. అత్తింటివాళ్లు తలుపు పక్కనే ఉండిపోతారు. జవాబు తానే అందిస్తున్నట్టుండే ప్రశ్న ఒకటి తొందరలో దొర్లుతుంది. అక్షరం రాని మనిషి నోట గ్రాంథికపు వాక్యం పడుతుంది. డాక్టరు వేసిన సమయం, మేజిస్ట్రేటు వేసిన సమయం ఒకదానికొకటి పొసగవు. విచారణలో డిఫెన్స్ లాయరు పట్టుకునేది వీటినే. చనిపోయిన మనిషిని క్రాస్ చేయలేరు (ఎదురు ప్రశ్నలు వేయలేరు) కాబట్టి, సెషన్స్ కోర్టులో సాక్షిగా బోనెక్కి జవాబు చెప్పాల్సింది మేజిస్ట్రేటే. నమ్మదగినదైతే మరణ వాంగ్మూలం ఒక్కదానిమీదే శిక్ష వేయవచ్చని 1957లో ఖుషాల్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేజిస్ట్రేటుకు నమ్మకం కుదిరితే, డాక్టరు సర్టిఫికెట్ లేదన్న కారణంతోనే వాంగ్మూలాన్ని తోసిపుచ్చనక్కర్లేదని 2002లో లక్ష్మణ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. అంటే ఒక చిన్న పట్టణపు మేజిస్ట్రేటు ఆ రాత్రి రాసిన కాగితంపై ఒక ప్రాణానికి జరగాల్సిన న్యాయం ఆధారపడుతుంది. అది తడబాటు లేకుండా రాసినవారికి మనం ఎంతో రుణపడి ఉన్నాం.

అరెస్టు చేసినవారిని కస్టడీకి పంపమని పోలీసులు పెట్టే రిమాండు రిపోర్టు మరో గీటురాయి. ఏడేళ్లలోపు శిక్షపడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమైందో పోలీసులు కారణాలు చూపాలనీ, మేజిస్ట్రేటు యాంత్రికంగా సంతకం పెట్టకూడదనీ 2014లో అర్నేష్ కుమార్ తీర్పు స్పష్టం చేసింది. పోలీసులు కొట్టారా అని అడిగి, జవాబు రాసి, ఒంటిమీద దెబ్బలుంటే వైద్య పరీక్షకు పంపిన జడ్జి ఎవరో ఆ ఊరి లాయర్లకు బాగా తెలుసు.

సివిల్ వైపు చూస్తే, అవతలి పక్షానికి నోటీసు లేకుండా ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) ఇచ్చేటప్పుడు కారణాలు రాయాలి, ఆ అర్జీని 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. అది సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు. వాయిదా వాయిదాకూ ‘పొడిగించడమైనది’ అని డాకెట్‌లో (కేసు నడిచిన తీరు రాసే పత్రంలో) రాస్తూ పోతే, తప్పుడు దావా వేసినవాడే ఏళ్ల తరబడి పొలం అనుభవిస్తాడు.

పరిష్కరించిన కేసుల సంఖ్య చదివి జడ్జిని పొగడటం నాకు సమ్మతం కాదు. నేరం ఒప్పుకున్న పెట్టీ కేసులూ, లోక్ అదాలత్ రాజీలూ ఆ అంకెను ఇట్టే పెంచుతాయి. సాక్షులందర్నీ విచారించి రాసిన ఒక్క స్వాధీన దావా తీర్పు వెనుక ఎన్ని రోజుల పని ఉందో ఆ అంకెలో కనిపించదు.

కాబట్టి బార్ అసోసియేషన్లు ఒక పని చేయాలి. ఆ జడ్జి ఎప్పుడు ఏ కోర్టులో పనిచేశారో తేదీలతో జాబితా రాసుకోవాలి. కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ వెబ్‌సైట్లో కేసు నంబరుతోనో, ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరుతోనో వెతికితే ఇటీవలి ఆర్డర్లు దొరుకుతాయి. పాతవాటికి సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టాలి. పోరాడి తేలిన దావాలు, బెయిలు ఆర్డర్లు, రిమాండు తిరస్కరించిన సందర్భాలు కలిపి ఓ పది ఎంచుకుంటే చాలు. వాటిలో అప్పీలులో నిలిచినవేవో, కొట్టేసినవేవో కూడా చెప్పాలి, దాచకూడదు. కక్షిదారుల పేర్లు తీసేయాలి. అత్యాచార బాధితుల వివరాలు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరమని మరవొద్దు. ఆ జడ్జి దగ్గర పనిచేసిన బెంచ్ క్లర్కు, స్టెనో, అటెండర్లతో మాట్లాడి వారు చెప్పింది రాసుకోవాలి. వాళ్లూ రిటైరై ఊళ్లు మారకముందే ఈ పని జరగాలి. సభలో ఆ ఆర్డర్లను చదివి వినిపించి, ఒక ప్రతి కుటుంబానికీ, ఒకటి బార్ లైబ్రరీకీ, ఇంకొకటి కొత్త జడ్జీలకు శిక్షణనిచ్చే జ్యుడీషియల్ అకాడమీకీ పంపాలి.