కొరివి దెయ్యం లెక్క తేలకపోతే
సైన్సుకు అంతుచిక్కని ఘటనలున్నాయి కాబట్టి ప్రకృతికి అతీతమైనదేదో ఉన్నట్టేనని ఒక వ్యాసంలో రాశారు. నాకు పేచీ అక్కడే. ఇంకా తెలియకపోవడం వేరు, అతీతం కావడం వేరు. ఒడిశాలోని మా గుణుపురం వైపు వంశధార ఒడ్డు పొలాల్లో రాత్రిపూట నీలంగా వెలిగి ఆరిపోయే మంటను కొరివి దెయ్యం అంటారు. మా నాయనమ్మ అయితే నోట్లోంచి అడ్డపొగ (నిప్పు కొస లోపలికి పెట్టుకుని కాల్చే చుట్ట) తీయకుండానే "అటు చూడకండర్రా" అని కసిరేది. కుళ్లిన చెత్తలోంచి వచ్చే మీథేన్ అంటారు గానీ, అది దానంతటది ఎలా అంటుకుంటుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అయితే ఏంటట? ఉరుముల వానలో గాల్లో తేలే వెలుగు ముద్ద, అదే బంతి మెరుపు (బాల్ లైట్నింగ్), దాన్నీ చాలాకాలం కట్టుకథ అనే కొట్టిపారేశారు. 2012లో చైనా పరిశోధకులకు అనుకోకుండా దాని వర్ణపటం (వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ) దొరికితే అందులో సిలికాన్, ఇనుము, కాల్షియం కనిపించాయి, అంటే మట్టిలో ఉండేవే. చైతన్యం, అంటే మనకు స్పృహ ఎలా కలుగుతుందన్న సంగతి ఎత్తి ఉంటే నేనూ కాస్త ఆగి ఆలోచించేవాణ్ణి, ఆ వ్యాసంలో ఆ ఊసే లేదు. పైగా తెలియని చోటల్లా ఏదో ఒక కారణం అంటగట్టే తొందర మా వైపు ప్రాణాల మీదికి తెస్తుంది. జ్వరంతో ఎవరైనా పోతే చిల్లంగి (చేతబడి) పెట్టిందని పక్కింటి ముసలమ్మ మీద పడతారు. ఒడిశా ప్రభుత్వం 2013లో ఇలాంటి దాడులు ఆపడానికి ప్రత్యేకంగా చట్టమే తేవాల్సి వచ్చింది.