గ్రంజ్: ముందు మోత, ఆ తర్వాతే కాలం

రాక్ సంగీతం గురించి నలుగురు మాట్లాడుకునే చోటల్లా ఈ మధ్య ఒక వాదన తిరుగుతోంది. క్లుప్తంగా ఇదీ: "గ్రంజ్ అనే సంగీతమే లేదు. 1991 నుంచి 1994 దాకా అమెరికాలోని సియాటెల్‌లో జరిగిన రాక్ సందడికి పత్రికలూ కంపెనీలూ పెట్టిన పేరు అది. నిర్వాణా, పెర్ల్ జామ్, సౌండ్‌గార్డెన్, ఆలిస్ ఇన్ చెయిన్స్ ఒకదానిలా ఒకటి వినిపించవు. ఆ బ్యాండ్లే ఆ పేరు వద్దన్నాయి. నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ పోవడంతో ఆ కథ ముగిసింది." తెలివైన మాటలా వినిపిస్తుంది కాబట్టే ఇంతగా షేర్ అవుతోంది. ముక్కముక్కగా విడదీసి చూస్తే మాత్రం నిలబడేది తక్కువే.

ముందు ఊరు, కాలం సంగతి చూద్దాం. 1992 వేసవిలో అమెరికా సింగిల్స్ చార్టులో ఐదు వారాలు మొదటి స్థానంలో ఉన్న సియాటెల్ మనిషి కొబేన్ కాదు, సర్ మిక్స్-ఎ-లాట్ అనే ర్యాపర్. సియాటెల్ పక్కనున్న బెల్‌వ్యూలో పుట్టిన క్వీన్స్‌రైక్ బ్యాండు కూడా అప్పుడే మంచి ఊపు మీద ఉంది, కానీ వాళ్లది తళతళలాడే మెటల్. శాక్సొఫోన్ కెన్నీ జీ కూడా ఆ ఊరివాడే, ఆయన ఆల్బమ్ 'బ్రెత్‌లెస్' వచ్చింది కూడా 1992లోనే. ఊరు అదే, ఏళ్లూ అవే. అయినా వీళ్లలో ఒక్కరినీ ఎవరూ గ్రంజ్ అనలేదు. ఇటు చూస్తే శాన్ డియేగో నుంచి వచ్చిన స్టోన్ టెంపుల్ పైలట్స్, లండన్‌లోని బుష్, ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ కుర్రాళ్లు సిల్వర్‌చెయిర్. వీళ్లని మాత్రం వినీ వినగానే గ్రంజ్ అన్నారు, అదీ చాలాసార్లు కాపీ కొట్టారని తిట్టడానికి. కాపీ కొట్టారంటే కొట్టడానికి అక్కడ ఒక శబ్దం ఉన్నట్టే కదా!

1991లో మొదలైందన్న మాటా నిలవదు. సియాటెల్ బ్యాండు గ్రీన్ రివర్ రికార్డుని 1987లో సబ్ పాప్ కంపెనీ అమ్ముకుంటూ రాసుకున్న ప్రకటనలోనే గ్రంజ్ అన్న మాట ఉంది. నిర్వాణా 1991 ఆల్బమ్ 'నెవర్‌మైండ్' రావడానికి అప్పటికింకా నాలుగేళ్లు ఉంది. అప్పుడు అమ్మడానికి కాలమూ లేదు, ఫ్యాషనూ లేదు, ఉన్నదల్లా ఆ ప్లాస్టిక్ పళ్లెం మీద మోతే. 1986లో వచ్చిన 'డీప్ సిక్స్' అనే సంకలనంలో గ్రీన్ రివర్, మెల్విన్స్, సౌండ్‌గార్డెన్, మాల్‌ఫంక్షన్, స్కిన్ యార్డ్, యూ-మెన్ ఉన్నాయి. గ్రంజ్‌ని 1991కి కట్టేస్తే ఇదీ పోవాలి, మరో సియాటెల్ బ్యాండు మడ్‌హనీ 1988 రికార్డూ పోవాలి, నిర్వాణా మొదటి ఆల్బమ్ 'బ్లీచ్' (1989) కూడా పోవాలి. అవి పోయాక ఇక మిగిలేది ఏముంది?

ఇక అసలు వాదనకి వద్దాం: ఆ నాలుగు బ్యాండ్లూ వేరువేరుగా వినిపిస్తాయి కాబట్టి శైలి అంటూ ఏదీ లేదు. ఇందులో కొంత నిజం ఉంది. పెర్ల్ జామ్ 'టెన్' వింటే డెబ్బైల నాటి స్టేడియం రాక్ గుర్తొస్తుంది, ఆలిస్ ఇన్ చెయిన్స్ 'డర్ట్' వింటే మెటల్ గుర్తొస్తుంది. అయితే ఆ నాలుగింటినీ పక్కపక్కన నిలబెట్టింది అమ్మకాల లెక్క. ఎక్కువగా అమ్ముడైన నాలుగింటిని తీసుకుని, వీటిలో పోలిక లేదనడం పరీక్షే కాదు. పరీక్ష పెట్టాలంటే మూలానికి వెళ్లాలి.

అక్కడ వినిపించేది స్పష్టంగానే ఉంటుంది. పంక్ అనే వేగమైన, మొరటు రాక్‌లోని దురుసుతనాన్నీ, మెటల్ బ్యాండు బ్లాక్ సాబత్ తరహా బరువైన రిఫ్‌నీ (మళ్లీ మళ్లీ తిప్పి వాయించే గిటార్ ముక్క) కలిపి, వేగం తగ్గించి వాయించడం. పంక్ వాళ్లకి నెమ్మది అంటే నేరం. కాలిఫోర్నియా బ్యాండు బ్లాక్ ఫ్లాగ్ 1984లో 'మై వార్' ఆల్బమ్ రెండో వైపంతా ఈడ్చి ఈడ్చి వాయించినప్పుడు చాలామంది అభిమానులకు ఒళ్లు మండింది, సియాటెల్ కుర్రాళ్లకి మాత్రం దారి దొరికింది. మెల్విన్స్ ఇంకా నెమ్మదించారు. దీనికి తోడు గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగని ఒక మెట్టు దించి వాయించే డ్రాప్ డి పద్ధతి ఉంది. అలా దించితే లావుగా ఉన్న మూడు తీగల మీద ఒక్క వేలు అడ్డంగా పెడితే చాలు, మందమైన కార్డ్ (కలిసి మోగే స్వరాలు) పలుకుతుంది. సౌండ్‌గార్డెన్ గిటారిస్టు కిమ్ థాయిల్ దీన్ని పిండి పీల్చేశాడు. (ఆయన తల్లిదండ్రులది కేరళ అని మనవాళ్లలో చాలామందికి తెలియదు.) మరోటి ఫజ్, అంటే గిటార్ మోతని గరగరలాడించడం. మడ్‌హనీ తమ 1988 రికార్డుకి పెట్టుకున్న పేరు 'సూపర్‌ఫజ్ బిగ్‌మఫ్', అంటే తాము వాడే రెండు గిటార్ పెడళ్ల పేర్లే. తమ గుర్తింపు ఫలానా మోతలో ఉందని అట్ట మీదే ముద్రించుకున్న వాళ్లని పట్టుకుని మీకు శబ్దమే లేదంటే ఎలా?

రికార్డింగ్ కూడా ఆ శబ్దంలో భాగమే. సియాటెల్‌లోని రెసిప్రోకల్ అనే చిన్న స్టూడియోలో జాక్ ఎండినో ఈ బ్యాండ్లని ఒకదాని తర్వాత ఒకటి రికార్డు చేశాడు. 'బ్లీచ్' ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. మెరుగులు దిద్దడానికి డబ్బు లేదు, పెద్దగా కోరికా లేదు. ఎండినో తనే స్కిన్ యార్డ్‌లో గిటార్ వాయించేవాడు. ఆ బ్యాండు మొదటి డ్రమ్మర్ మాట్ కామెరన్ తర్వాత సౌండ్‌గార్డెన్‌కీ, ఆ తర్వాత పెర్ల్ జామ్‌కీ వాయించాడు. మెల్విన్స్ మొదటి బేసిస్టు మాట్ లూకిన్ మడ్‌హనీలో చేరాడు. మెల్విన్స్ డ్రమ్మర్ డేల్ క్రోవర్ వాయింపు 'బ్లీచ్'లోనూ వినిపిస్తుంది. అన్నిటికన్నా గ్రీన్ రివర్ సంగతి చూడండి. అందులోని మార్క్ ఆర్మ్, స్టీవ్ టర్నర్ మడ్‌హనీ అయ్యారు. స్టోన్ గాసర్డ్, జెఫ్ ఆమెంట్ పెర్ల్ జామ్ అయ్యారు. పంక్ వైపు లాగేవాళ్లు ఒక పక్క, పెద్ద వేదికల వైపు చూసేవాళ్లు ఇంకో పక్క. ఆ నాలుగు బ్యాండ్ల మధ్య వినిపించే తేడా బయటి నుంచి వచ్చింది కాదు, ఒకే ఇంట్లో మొదలైన తగాదా.

బ్యాండ్లే ఆ పేరు వద్దన్నాయి అంటారా, వద్దననివ్వండి. తమని ఒక డబ్బాలో పెడితే ఒప్పుకునే సంగీతకారుడు ఎక్కడా ఉండడు.

పత్రికల సృష్టి అన్నది మాత్రం కాస్త ఆగి ఆలోచించాల్సిన మాట. సబ్ పాప్ నడిపిన బ్రూస్ పావిట్, జొనాథన్ పోన్‌మన్ ప్రచారంలో ఆరితేరినవాళ్లు. 1989లో ఇంగ్లండ్ పత్రిక 'మెలడీ మేకర్' విలేకరిని రప్పించుకుని మరీ రాయించుకున్నారు. 1992 చివరికి వచ్చేసరికి ఆ పిచ్చి ముదిరిపోయింది. పెర్రీ ఎల్లిస్ అనే బట్టల కంపెనీకి డిజైనర్ మార్క్ జేకబ్స్ గళ్ల చొక్కాల ఫ్యాషన్ షో చేశాడు, ఆ పుణ్యాన ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అదే ఏడాది నవంబర్‌లో 'న్యూయార్క్ టైమ్స్' గ్రంజ్ కుర్రాళ్ల యాస అంటూ ఒక పదాల జాబితా వేసింది. అవన్నీ అంతకుముందు సబ్ పాప్‌లో పనిచేసిన మెగన్ జాస్పర్ ఫోన్‌లో అప్పటికప్పుడు అల్లి చెప్పినవి! చలిలో తిరిగేవాళ్లు పాతబట్టల దుకాణంలో చవగ్గా కొనుక్కున్న చొక్కా ఖరీదైన ఫ్యాషన్ అయిపోయింది. కాబట్టి గ్రంజ్ అనే ఒక కాలం కూడా ఉందని, దాన్ని తయారు చేసినవాళ్లలో పత్రికలు ఉన్నాయని ఒప్పుకోవాల్సిందే. కానీ వాళ్లు ఉబ్బించింది అప్పటికే ఉన్నదాన్ని. ఫ్యాషన్ షో నాటికి 'డీప్ సిక్స్'కి ఆరేళ్లు నిండాయి.

చివరిది, 1994 ఏప్రిల్‌లో కొబేన్‌తో పాటు అదీ పోయిందన్న మాట. సందడి తగ్గిందేమో గానీ శబ్దం పోలేదు. ఆలిస్ ఇన్ చెయిన్స్ మూడో ఆల్బమ్ 1995 నవంబర్‌లో వచ్చి నేరుగా మొదటి స్థానంలో కూర్చుంది. ఆ తర్వాత పోస్ట్-గ్రంజ్ అని ఒక తరమే వచ్చింది. 2001లో రేడియోలన్నీ మోగించిన నికెల్‌బ్యాక్ కెనడాలోని ఆల్బర్టా నుంచి వచ్చిన బ్యాండు. సియాటెల్ లేదు, గళ్ల చొక్కాల మోజూ లేదు, మిగిలిందల్లా బరువైన గిటార్, గొంతు చించుకునే పాట. నాకైతే ఆ బ్యాండ్లలో చాలావాటిని ఒక పాట దాటి వినే ఓపిక లేదు. అయినా అవి ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చాయో మొదటి రిఫ్‌కే తెలిసిపోతుంది.