జాన్ ఆడమ్స్ సంతకం ఇంకా చెల్లుతోంది

అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ 1798 జూలై 6న శత్రుదేశీయుల చట్టం మీద సంతకం పెట్టారు. యుద్ధమో దండయాత్రో వస్తే శత్రుదేశపు పౌరులను విచారణ లేకుండా బంధించి పంపేసే అధికారాన్ని అధ్యక్షుడికి ఇచ్చే చట్టం అది. అప్పటికి ఆ దేశంలో ఉన్నవి 16 రాష్ట్రాలే. రాజధాని ఇంకా ఫిలడెల్ఫియానే. 2025 మార్చిలో అదే చట్టం పేరు చెప్పి 137 మంది వెనెజువెలా పౌరులకు సంకెళ్లు వేసి, విమానాలు ఎక్కించి, ఎల్ సాల్వడార్‌లోని సెకాట్ జైలుకు తరలించారు. ముఠా సభ్యులన్నది వాళ్ల మీద ఆరోపణ. ‘మీ మీద ఆరోపణ ఇదీ, మీరేమంటారు?’ అని అడిగే జడ్జి ముందు వాళ్లను నిలబెట్టలేదు.

చట్టం పాతదే కదా, ఇప్పుడు కొత్తగా చేసిందేముంది అనేవాళ్లున్నారు. మా భయమంతా ఆ పాతదనం గురించే. ఒక అధ్యక్షుడు ఒక వేసవిలో, ఒక యుద్ధ భయంలో చేసిన చట్టం ఇన్ని తరాల తర్వాత ఆయన ముఖం కూడా చూడని మనిషి చేతికి అందింది.

ఆ వేసవి సంగతి చాలామందికి తెలిసిందే. ఫ్రాన్స్‌తో సముద్రం మీద గొడవలు ముదిరాయి, యుద్ధం తప్పదన్న వాతావరణం వచ్చింది. ఆడమ్స్ పార్టీకి కాంగ్రెస్‌లో బలముంది. జూన్ 18 నుంచి జూలై 14 లోపు, నాలుగు వారాలు కూడా నిండకుండానే, నాలుగు చట్టాలు వచ్చేశాయి. పౌరసత్వం కోసం వేచి ఉండాల్సిన కాలం ఐదేళ్ల నుంచి 14 ఏళ్లకు పెరిగింది. ప్రమాదకరమని తనకు అనిపించిన విదేశీయుణ్ని అధ్యక్షుడు తన ఇష్టప్రకారం పంపేయవచ్చని ఇంకో చట్టం చెప్పింది. మూడోది శత్రుదేశీయుల చట్టం. నాలుగోది రాజద్రోహ చట్టం. దీనికి ప్రతినిధుల సభలో పడిన ఓట్లు 44, వ్యతిరేకంగా 41.

రాజద్రోహ చట్టం గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. పత్రికగా అది మాకు గుచ్చుకునే విషయం. ప్రభుత్వాన్ని, కాంగ్రెస్‌ను, అధ్యక్షుణ్ని అపఖ్యాతి పాలు చేసేలా తప్పుడు రాతలు రాస్తే రెండేళ్ల వరకు జైలు, రెండు వేల డాలర్ల వరకు జరిమానా. ఉపాధ్యక్షుడి పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. అప్పటి ఉపాధ్యక్షుడు థామస్ జెఫర్సన్, ఆడమ్స్‌కు ప్రత్యర్థి. ఆయన్ని ఎవరు ఎంత తిట్టినా ఫర్వాలేదన్నమాట. చట్టం గడువు 1801 మార్చి 3, అంటే ఆడమ్స్ పదవీకాలం ముగిసే ముందురోజు. ఎవరి కోసం చేశారో చెప్పడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

వెర్మాంట్ నుంచి గెలిచిన కాంగ్రెస్ సభ్యుడు మాథ్యూ లయన్, అధ్యక్షుడికి ఆడంబరాల మీద మోజు ఎక్కువని రాసినందుకు నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు, వెయ్యి డాలర్లు కట్టాడు. జైల్లో ఉండగానే ఓటర్లు ఆయన్ని మళ్లీ గెలిపించారు. ఫిలడెల్ఫియాలో ‘అరోరా’ పత్రిక నడిపిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ బేష్‌ను ఈ చట్టం రాకముందే పాత ఇంగ్లిష్ న్యాయసూత్రాల కింద అరెస్టు చేశారు. ఆయన అమెరికా వ్యవస్థాపకుల్లో ఒకరైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ మనవడు. విచారణ మొదలయ్యేలోపే పచ్చజ్వరంతో చనిపోయాడు. న్యూజెర్సీలోని నెవార్క్‌లో ఆడమ్స్ గౌరవార్థం ఫిరంగులు పేలుస్తుంటే, తాగి ఉన్న ఒకడు అధ్యక్షుడి మీద ఓ మోటు మాట విసిరాడు. దానికీ జరిమానా వేశారు. బెజవాడ ‘స్వరాజ్య’ పత్రిక సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావును 1908లో రాజద్రోహ నేరం కింద జైలుకు పంపిన చరిత్ర తెలిసిన తెలుగు పాత్రికేయులకు ఇవన్నీ చదువుతుంటే ఒళ్లు మండకుండా ఎలా ఉంటుంది?

ఆ చట్టాలను ఆడమ్స్ అడగలేదు, కాంగ్రెసే చేసిపెట్టింది అని ఆయన్ని సమర్థించేవాళ్లు అంటారు. సొంత పార్టీ వాళ్లు కాదన్నా 1800లో ఫ్రాన్స్‌తో సంధి చేసుకుని యుద్ధం తప్పించారు కూడా. ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే. కానీ సంతకం ఆయనదే.

పైగా ఆ సంతకం పెట్టిన చెయ్యి ఎలాంటిదో చూడండి. 1770లో బోస్టన్ వీధిలో బ్రిటిష్ సైనికులు జనం మీద కాల్పులు జరిపితే, ఊరంతా వాళ్ల రక్తం కోరుతుంటే, వాళ్ల తరఫున కోర్టులో వాదించిన లాయర్ ఆడమ్సే. ఎనిమిది మంది సైనికుల్లో ఆరుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. ఎంత ద్వేషించే మనిషికైనా విచారణ ఉండాలని అంత గట్టిగా నిలబడినవాడు, 28 ఏళ్ల తర్వాత, విచారణ లేకుండా మనుషుల్ని బంధించి పంపేసే అధికారాన్ని తన కుర్చీకి తెచ్చుకున్నాడు. 1780 నాటి మసాచుసెట్స్ రాష్ట్ర రాజ్యాంగానికి ముసాయిదా రాసిందీ ఆయనే. పత్రికా స్వేచ్ఛకు అడ్డు పెట్టకూడదని అందులో ఉంది. అలాంటివాడి చేతుల్లోనే ఇలా జరిగితే, అంత చదువూ అంత సంస్కారమూ లేని పాలకుడి చేతిలో ఆ అధికారం పడితే ఏం జరుగుతుందో ఆనాడు ఎందుకు ఆలోచించలేదు? మేం పదే పదే అడిగేది ఇదే.

మిగతా మూడు చట్టాలూ పోయాయి. రెండిటికి గడువు తీరింది, పౌరసత్వ చట్టాన్ని 1802లో మార్చేశారు. శత్రుదేశీయుల చట్టానికి గడువే పెట్టలేదు. ఇది యుద్ధకాలానికే కదా అని ప్రతిపక్షం కూడా అప్పుడు పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. మిగతావాటి మీద వర్జీనియా తీర్మానం రాసి పోరాడిన జేమ్స్ మాడిసన్, అధ్యక్షుడయ్యాక 1812 యుద్ధంలో ఇదే చట్టాన్ని బ్రిటిష్ పౌరుల మీద వాడాడు. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ల మీద, రెండో యుద్ధంలో జపాన్, జర్మనీ, ఇటలీ పౌరుల మీద. మూడో యుద్ధం కోసం కూడా ఆగలేదు. 1948లో, పోరాటం ఆగి మూడేళ్లు కావస్తున్నా, ఈ చట్టం కింద ఒక జర్మన్‌ను పంపేయడం సబబేనని అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది. ఒక్కో మెట్టు ఎక్కిన ప్రతిసారీ కింది మెట్టు సాక్ష్యంగా పనికొచ్చింది.

2025లో యుద్ధం కూడా లేదు. చట్టంలో ‘దండయాత్ర’ అనే మాట ఉంది. విదేశీ ప్రభుత్వం చేసే దండయాత్ర అని ఆ వాక్యంలోనే స్పష్టంగా ఉంది. దాన్ని ఒక నేరస్థుల ముఠాకు అంటగట్టారు. విమానాలు వెనక్కి తిప్పమని జడ్జి జేమ్స్ బోస్‌బర్గ్ చెప్పినా మనుషులు ఎల్ సాల్వడార్ చేరిపోయారు. ముందుగా నోటీసు ఇవ్వాలని ఏప్రిల్ 7న, ఒక్కరోజు ముందు ఇచ్చే నోటీసు చాలదని మే 16న సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే అక్కడ జైల్లో పడ్డవాళ్ల సంగతి? జూలై దాకా అక్కడే ఉన్నారు.

ఇది మనకెందుకు అని అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు అనుకుంటే, అది తప్పు. మా వీసా పక్కాగా ఉంది, గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నాం, మాకేం టెన్షన్ అనేవాళ్లు ఆ చట్టాన్ని ఒకసారి చదవాలి. వీసా ఉందా లేదా అని అది అడగదు. 14 ఏళ్లు నిండిన, పౌరసత్వం తీసుకోని మనిషి ఏ దేశస్థుడు అని మాత్రమే అడుగుతుంది. 2025 ప్రకటనలో గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లను మినహాయించారు నిజమే. ఆ మినహాయింపు అధ్యక్షుడి కలం ఇచ్చింది, చట్టం ఇచ్చింది కాదు. రెండో యుద్ధంలో నిర్బంధించిన జపనీయుల్లో ఎందరో దశాబ్దాలుగా చట్టబద్ధంగానే అక్కడ బతికినవాళ్లు. 1952 దాకా అమెరికా చట్టమే వాళ్లకు పౌరసత్వం దక్కనివ్వలేదు. పౌరసత్వం కోసం ఏళ్లతరబడి క్యూలో నిలబడటం అంటే ఏమిటో మనవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ చట్టాన్ని రద్దు చేయాలని ప్రతినిధుల సభ సభ్యురాలు ఇల్హాన్ ఒమర్, సెనెటర్ మేజీ హిరోనో 2025 జనవరిలోనే బిల్లు పెట్టారు, ఆ విమానాలు లేవడానికి రెండు నెలల ముందే. కాంగ్రెస్ చేతులు కట్టుకుని కూర్చుంది. తెలుగు సంఘాల సభలకు కాంగ్రెస్ సభ్యులను పిలిచి, శాలువాలు కప్పి, ఫొటోలు దిగే పెద్దలు ఈసారి ఒక్క మాట అడగాలి: 1798 నాటి ఆ చట్టం రద్దుకు మీరు ఓటేస్తారా, వేయరా? ఆ మాట అడగడానికి కూడా మొహమాటమైతే, వాళ్లను పిలిచేది ఎందుకు?