వరద కబురుకూ పగేనా?

2025 ఆగస్టు 19న మన విదేశాంగ శాఖ ఒక ప్రకటన చేసింది. నదుల్లో అత్యవసర పరిస్థితి వస్తే ‘మానవతా దృక్పథంతో’ సమాచారం ఇచ్చేందుకు చైనా ఒప్పుకుందన్నది అందులోని ముఖ్యాంశం. సరిగ్గా ఐదు రోజులకు జమ్మూలో తవీ నది పొంగితే, పాకిస్తాన్‌ను మనమూ ‘మానవతా దృక్పథంతో’నే హెచ్చరించాం. సింధు జలాల ఒప్పందం కింద ఇరు దేశాలూ నియమించుకున్న కమిషనర్ల ద్వారా వెళ్లాల్సిన ఆ కబురు ఇస్లామాబాద్‌లోని మన హైకమిషన్ ద్వారా వెళ్లింది. పహల్గాంలో 26 మందిని ఉగ్రవాదులు పొట్టన పెట్టుకున్న మర్నాడే సింధు ఒప్పందాన్ని ఢిల్లీ పక్కన పెట్టేసింది కదా!

రక్తమూ నీరూ కలిసి పారవన్న ప్రధాని మాటకు జనంలో మద్దతు ఉంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ పాకిస్తాన్‌లోకి పారే చీనాబ్ నదిని ఆపి నిల్వ చేసేంత పెద్ద రిజర్వాయర్లు మన చేతిలో లేవు. కాబట్టి ప్రస్తుతానికి నిజంగా ఆగింది నీళ్లు కాదు, నీళ్ల లెక్కలు. 1965, 1971, కార్గిల్ యుద్ధాలప్పుడు కూడా నిలబడిన ఏర్పాటు ఇది. ఒప్పందం ప్రకారం చెప్పి తీరాల్సిన సంగతి ఇప్పుడు ఎగువవాడు దయతలిస్తే తెలిసే సంగతి అయిపోయింది. మా అభ్యంతరం ఇక్కడే.

మనం అన్ని నదులకూ ఎగువన లేము. బ్రహ్మపుత్ర విషయంలో మనమూ దిగువవాళ్లమే. టిబెట్‌లోని నుగేషా, యాంగ్‌కున్, నుషియా కేంద్రాల్లో నీటిమట్టం, ప్రవాహం, వర్షపాతం కొలిచి, మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా రోజుకు రెండుసార్లు చైనా పంపేది. అదీ ఉచితంగా కాదు, మనం డబ్బు కట్టేవాళ్లం. పై నుంచి ఎంత నీరు వస్తోందో తెలిస్తేనే అస్సాంలో లంక గ్రామాలను ఎప్పుడు ఖాళీ చేయించాలో అధికారులకు అంచనా దొరుకుతుంది. 2017లో డోక్లాంలో మన సైన్యం, చైనా సైన్యం ఎదురెదురుగా నిలిచిన ఏడాది ఆ లెక్కలు రాలేదు. కేంద్రాలకు మరమ్మతులు చేస్తున్నామని చైనా చెప్పింది. విచిత్రమేమిటంటే, తమకు మాత్రం అందుతున్నాయని బంగ్లాదేశ్ అధికారులు అప్పట్లో చెప్పారు. మరమ్మతులు కూడా దేశాన్ని బట్టి జరుగుతాయన్నమాట! అప్పుడు మనకు ఒళ్లు మండింది. మండాలి కూడా.

చైనాతో సట్లెజ్ సమాచార ఒప్పందం గడువు 2020లో, బ్రహ్మపుత్రది 2023లో తీరిపోయింది. 2025 జులైలో టిబెట్‌లో బ్రహ్మపుత్ర మీద మెడోగ్ దగ్గర 60 వేల మెగావాట్ల ప్రాజెక్టు పనులు చైనా మొదలుపెట్టేసింది. ఎగువ దేశానికి బాధ్యతలు ఉంటాయని గట్టిగా వాదించాల్సిన సమయమిది. కానీ ఆ బాధ్యతలు కోపతాపాలను బట్టి మారతాయని మన చేతలతో మనమే చాటుకుంటున్నాం. ఈ పాఠం నేర్చుకోవడానికి బీజింగ్‌కు ట్యూషన్ అక్కర్లేదు. ఢాకా కూడా చూస్తూనే ఉంది. బంగ్లాదేశ్‌తో మనం 1996లో చేసుకున్న గంగా జలాల ఒప్పందానికి 30 ఏళ్ల గడువు 2026 డిసెంబర్‌తో ముగుస్తుంది.

గాలి సంగతి ఇంకా అన్యాయం. అక్కడ పక్కన పెట్టడానికైనా గట్టి ఒప్పందం లేదు. గాలి కాలుష్యంపై 1998 నాటి మాలే ప్రకటనపై భారత్, పాకిస్తాన్ సహా ఎనిమిది దేశాలు సంతకాలు చేశాయి. అది కాగితం దాటి వచ్చింది తక్కువ. భారత పంజాబ్‌లోని కాలుష్యంలో దాదాపు 30 శాతం సరిహద్దు అవతలి నుంచే వస్తోందని, బంగ్లాదేశ్ పెద్ద నగరాల కాలుష్యంలో సుమారు 30 శాతం మన దగ్గరి నుంచి వెళ్తోందని ప్రపంచ బ్యాంకు 2023 నివేదికలో లెక్క తేల్చింది. పాకిస్తాన్ గాలి వల్లే కాలుష్యమని 2021లో ఉత్తరప్రదేశ్ న్యాయవాది సుప్రీంకోర్టులో వాదిస్తే, ‘అయితే పాకిస్తాన్ పరిశ్రమలను నిషేధించమంటారా’ అని అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్‌.వి.రమణ చురక వేశారు. చురక పత్రికలకెక్కింది, పొగ అలాగే ఉంది. 2024 నవంబర్‌లో లాహోర్‌లో గాలి నాణ్యత సూచీ వెయ్యి దాటింది. అంతకు కొద్ది రోజుల ముందే, మన పంజాబ్ ముఖ్యమంత్రికి లేఖ రాయాలనుకుంటున్నట్టు పాకిస్తాన్ పంజాబ్ ముఖ్యమంత్రి మరియం నవాజ్ అన్నారు. రెండు వైపులా రైతులు కొయ్యకాళ్లు కాలుస్తూనే ఉన్నారు, లాహోర్ పిల్లలూ ఢిల్లీ పిల్లలూ నెబ్యులైజర్లు పెట్టుకుంటూనే ఉన్నారు. అణ్వాయుధాలు ఎక్కుపెట్టుకున్న ప్రచ్ఛన్న యుద్ధ కాలంలోనే, 1979లో, ఐరోపాలోని రెండు శిబిరాలు జెనీవాలో కూర్చుని గాలి కాలుష్యంపై ఒప్పందం చేసుకున్నాయి. మనకేం అడ్డొచ్చింది?

ఇస్లామాబాద్‌ను వెనకేసుకురావాల్సిన అవసరం మాకు లేదు. ఉగ్రవాదానికి శిక్ష వేయండి, వాణిజ్యం ఆపండి, వీసాలు ఆపండి. వరద లెక్కలను, గాలి లెక్కలను మాత్రం ఆ జాబితా నుంచి తీసేయండి. కమిషనర్ల మధ్య వరద సమాచారం ఇచ్చిపుచ్చుకోవడాన్ని వెంటనే పునరుద్ధరించండి. ఇది పాకిస్తాన్‌కు చేసే ఉపకారం కాదు, అస్సాం కోసం అడుగుతున్నాం. బ్రహ్మపుత్ర ఉప్పొంగిన రాత్రి బీజింగ్‌కు ఫోన్ చేస్తే, ‘మీరు చీనాబ్ మీద చేసిందే మేమూ చేస్తున్నాం’ అని అవతలివాళ్లు అంటే ఏం జవాబు చెబుతారో ఢిల్లీ పెద్దలు ఇప్పుడే ఆలోచించుకోవాలి.