మహారాజశ్రీ బీరువా గారి దివ్యసముఖమునకు

బీరువా గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. తలుపు మూయాలంటే మా ఆయనా నేనూ చెరో భుజం ఆనించి తొయ్యాల్సి వస్తోంది కాబట్టి, బాగా ఒళ్లు చేశారని తెలుస్తూనే ఉంది.

మీరు 2001లో నాతోపాటే ఈ ఇంటికి వచ్చారు. మా నాన్న సారెతో పంపారు. అప్పుడు మీకు ఐదు అరలు, నాకు పదకొండు చీరలు. మొన్న ఆదివారం బుద్ధి పుట్టి, మీ కడుపులో ఉన్నదంతా మంచం మీద పోసి లెక్కపెట్టాను. 143 చీరలు. మా ఆయన వచ్చి, "నేను మధ్యాహ్నం ఎక్కడ పడుకోవాలి?" అన్నారు. మీ మూడో అర ఖాళీగానే ఉందని చూపించాను.

ఇన్ని పెట్టుకుని కూడా, ఎక్కడికైనా బయల్దేరాలంటే మీ ముందు నిలబడి "కట్టుకోడానికి ఒక్క చీరా లేదు" అంటాను. అది పచ్చి అబద్ధమని ఇంట్లో అందరి అభిప్రాయం. కాదని ఆదివారం తేలింది. 143 చీరలున్నాయి నిజమే, వాటిలో నావి ఎన్నో చూడండి.

ముందుగా మీ రెండో అర. అది అర కాదు, బస్టాండు. గృహప్రవేశం, సీమంతం, ఒడుగు, షష్టిపూర్తి, ఎక్కడికి వెళ్లినా బొట్టు పెట్టి, పండూ తాంబూలంతో ఒక చీర చేతిలో పెడతారు. పెట్టేవాళ్లు నచ్చి కొన్నది కాదు, పుచ్చుకునేవాళ్లకు నచ్చాలన్న నియమమూ లేదు. షాపులోనే "మీకా అమ్మా, పెట్టుబడికా?" అని అడిగి, పెట్టుబడికి అంటే వేరే గుట్ట వైపు తీసుకెళ్తారు. ఆ గుట్టలోంచి మీ అరలోకి, మీ అరలోంచి ఇంకో బీరువాలోకి. ఆ చీరలకి ఒంటి వాసన తెలీదు, కలరా ఉండల వాసనే తెలుసు.

ఆ అరలో వంకాయరంగు మీద చిలకపచ్చ అంచు చీర ఒకటి దొరికింది. 2017లో మా ఆడపడుచు గృహప్రవేశానికి నేనే పెట్టాను. 2022లో మా పెద్ద తోడికోడలి కూతురి సీమంతంలో అదే చీర నా చేతికొచ్చింది. పోల్చుకోడానికి కష్టపడలేదు, డబ్బా మీద నా చేతిరాతతో పెన్సిల్‌తో "వదినకి" అని ఉంది. మధ్యలో ఎన్ని ఇళ్ల హారతులు చూసిందో! ఆ ఐదేళ్లలో అది తిరిగినన్ని ఊళ్లు నేను తిరగలేదు. ఇంకా ఫాల్ కూడా పడలేదు. ఫాల్ పడితే దాని ప్రయాణం ఆగిపోతుంది, ఇక ఎవరికీ పెట్టడానికి పనికిరాదు. అందుకే మన చుట్టాల్లో ఎవరూ ఆ సాహసం చేయలేదు.

జాకెట్టు ముక్కల గురించి చెప్పను. శ్రావణ మాసంలో వాటికి రిజర్వు బ్యాంకు గవర్నర్ సంతకం ఒక్కటే తక్కువ.

ఆషాఢం అర నా స్వయంకృతం, ఒప్పుకుంటాను. ఆ నెల పెళ్లిళ్లుండవు, షాపులకి గిరాకీ ఉండదు, అందుకని సరుకు దులిపేస్తారు. వాళ్లు దులిపింది నేను మోసుకొచ్చి మీలో పోశాను. పెళ్లిళ్లు లేని నెలలో పెళ్లి చీరలు కొన్న తెలివి నాది. అన్నిటికన్నా కింది అరలో "సన్నబడ్డాక వేసుకునే" చుడీదార్లు తొమ్మిది. వాటితో మాట్లాడే ధైర్యం నాకింకా రాలేదు, మీరే నచ్చజెప్పాలి.

మా అమ్మాయి సలహా ఇచ్చింది. క్యాప్సూల్ వార్డ్‌రోబ్ అట. లండన్లో సూసీ ఫో అనే బట్టల షాపు ఆవిడ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన మాట. కొన్ని మంచి బట్టలు, ఒకదానితో ఒకటి కలిసేవి ఉంచుకుంటే చాలట. ఇంకో లెక్క కూడా చెప్పింది: మూడు నెలలకి 33 వస్తువులు, అందులోనే చెప్పులు, నగలు, బ్యాగులు అన్నీ. పెళ్లి ఉంగరం మాత్రం లెక్కలోకి రాదట. నల్లపూసల సంగతి ఎవరూ రాయలేదు. కాగితం మీద వేసి చూశాను. ఒక పట్టుచీర, దానికి జాకెట్టు, లంగా, గాజులు, నెక్లెస్, బుట్టలు, చెప్పులు. ఒక్క పెళ్లికి వెళ్లొచ్చేసరికి ఏడు అయిపోయాయి. ఇంక నాలుగు పెళ్లిళ్లు వస్తే మూడో నెలలో ఏం కట్టుకోవాలి?

గాంధీగారు 1921 సెప్టెంబరు 22న మధురైలో తన బట్టలు తగ్గించి కొల్లాయికి వచ్చేశారు, ఆ తర్వాత మళ్లీ చూసుకోలేదు. మహానుభావుడు. ఆయనకి శ్రావణ పేరంటాలు లేవు.

ఇంతకీ నా స్టైల్ ఏమిటో నాకు చెప్పింది మా అమ్మాయీ కాదు, లండనూ కాదు. మా అపార్ట్‌మెంట్ కింద బండి పెట్టుకునే ఇస్త్రీ అబ్బాయి. అందరి మూటల మీదా ఫ్లాట్ నంబరు రాసుకుంటాడు, నా మూట మీద రాయడు. ఎందుకని అడిగితే, "ఒకటే రంగు, జరీ అంచు, గంజి. మీవి తెలిసిపోతాయి కదమ్మా" అన్నాడు. అవి నాలుగే నాలుగు మంగళగిరి నేత చీరలు. విజయవాడ నుంచి పది పన్నెండు కిలోమీటర్లు వెళ్లి, గుంట మగ్గం ముందు నిలబడి కొన్నవి. ఒంట్లో పువ్వు లేదు, బుటా లేదు, ఉన్న సోకంతా నిజాం అంచు అనే ఆ జరీ అంచులోనే. పొద్దున కడితే సాయంత్రానికి కుచ్చిళ్లు చెదరవు. మీరు 139 చీరలతో ఇరవై ఏళ్లకి పైగా దాచిపెట్టిన సంగతి అతను నాలుగు మూటలు విప్పి పట్టేశాడు.

ఇక మీ శరీరంలో జరిగిన మార్పులు. పట్టుచీరలు ఆరు ఉంచాను, అమ్మ గద్వాల్‌తో సహా. దానికి నూలు ఒళ్లు, పట్టు అంచు, రెండూ కలిపి నేసిన ఓపిక. వాటిని పాత నూలు పంచెల్లో చుట్టాను. మడతలు ఇన్నాళ్లూ మార్చకుండా ఉంచినందుకు ఒకదాని జరీ మడత దగ్గర విరిగింది. ఆ పాపంలో మీకూ వాటా ఉంది. ఇరవై ఒక్క చీరలు పాత బట్టలకి స్టీలు సామాను ఇచ్చే ఆవిడకి వేశాను. గంట బేరమాడితే ఒక బేసిన్, మూత లేని డబ్బా ఇచ్చింది. ఇప్పుడు అవి పెట్టడానికి చోటు లేదు. ఆ గొడవ వంటింటి అలమారాతో విడిగా తేల్చుకుంటాను.

వంకాయరంగు చీరకి మాత్రం ఫాల్ వేయించాను. దాని జన్మలో ఇదే మొదటి ఫాల్. పీకో కూడా అయింది. ఒక్కసారి కట్టి, దాన్ని ఈ తిరుగుడు నుంచి విడిపిద్దామని ఇస్త్రీకి పంపాను. సాయంత్రం మూట వచ్చింది, అందులో అది లేదు. కిందికి దిగి అడిగితే, "అది మీది కాదులే అనుకుని కింద ఫ్లాట్‌ ఆంటీకి ఇచ్చానమ్మా" అన్నాడు.

కిందావిడ ఇంకా ఏమీ అనలేదు. ఎల్లుండి వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం, రమ్మని బొట్టు పెట్టి వెళ్లింది. ఎందుకైనా మంచిది, రెండో అరలో కాస్త చోటు ఉంచండి.

ఇట్లు,
మీ తాళంచెవి బొడ్డున దోపుకుని తిరిగే
ఇంటావిడ