పంటిలో పుట్టినూరు

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో వైరౌ నది సముద్రంలో కలిసేచోట 1939లో 13 ఏళ్ల బడిపిల్లవాడు జిమ్ ఐల్స్ నేల తవ్వుతుంటే గుండ్రటి వస్తువొకటి తగిలింది. సొరబుర్ర అనుకున్నాడు. తీరా చూస్తే అది మోవా గుడ్డు. ఎగరలేని ఆ భారీ పక్షి, మనిషి ఆ దీవుల్లో కాలుపెట్టిన కొద్ది తరాలకే అంతరించిపోయింది. గుడ్డుకు బెజ్జం ఉంది, పక్కనే మనిషి అస్థిపంజరం ఉంది. తర్వాతి ఏళ్లలో శాస్త్రీయ తవ్వకాలు సాగాయి. 40 మందికి పైగా మనుషుల ఎముకలు క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ మ్యూజియానికి చేరాయి. తమ పెద్దలను తమకిచ్చేయండని అడుగుతూ వచ్చిన రంగిటానె అనే మావోరీ తెగ ప్రజల చేతికి అవి 2009 ఏప్రిల్‌లో గానీ తిరిగి రాలేదు.

ఆ ఎముకలను మళ్లీ మట్టికి అప్పగించే ముందు రంగిటానె పెద్దలు ఒక మంచి పని చేశారు. పరీక్షించుకోవడానికి ఒటాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలకు అనుమతి ఇచ్చారు. దశాబ్దాలు అల్మారాల్లో ఉన్నా రాని కబుర్లు ఆ కొద్ది కాలంలో వచ్చాయి.

తిన్నది ఒంటబట్టడం అంటాం కదా, ఐసోటోపుల పరీక్ష అక్షరాలా దాన్నే కొలుస్తుంది. ఒకే మూలకంలో తేలిక పరమాణువులు, బరువు పరమాణువులు ఉంటాయి, వాటినే ఐసోటోపులంటారు. చేమదుంప, పెండలం, సీమపనస తిన్నవాడి ఎముకలో బరువు కార్బన్ పాలు తక్కువగానూ, సముద్రపు తిండి తిన్నవాడి ఎముకలో ఎక్కువగానూ ఉంటుంది. నాచును చిన్న చేప, దాన్ని పెద్ద చేప, దాన్ని మనిషి తింటూ పోతే మెట్టు మెట్టుకూ బరువు నైట్రోజన్ పెరుగుతుంది. ఇక స్ట్రాన్షియం అనే మూలకం సంగతి ఇంకా ముచ్చటైనది. దాని బరువు, తేలిక పరమాణువుల పాళ్లు రాయిని బట్టి మారతాయి. అది రాతి నుంచి మట్టిలోకి, మట్టి నుంచి నీటిలోకి, పంటలోకి, అక్కడి నుంచి పసివాడి పంటిలోకి చేరుతుంది. ఎముక జీవితాంతం పాతది పోయి కొత్తది పడుతూనే ఉంటుంది. పంటి పైపూత ఎనామెల్ మాత్రం చిన్నతనంలో ఒకసారి గట్టిపడితే మరి మారదు. ముసలితనంలో ఎక్కడ కన్నుమూసినా, ఏ నేల నీళ్లు తాగి పెరిగాడో ఆ గుర్తు పంట్లోనే ఉంటుంది.

వైరౌలో సుమారు 1300 ప్రాంతంలో పూడ్చిన ఆ మనుషుల గురించి 2013లో అచ్చయిన ఫలితాలు చదివితే ఒళ్లు పులకరిస్తుంది. సమాధులను మూడు గుంపులుగా విడదీసి చూశారు. విలువైన వస్తువులతో పూడ్చిన మొదటి గుంపువారిలో ఎక్కువమంది తిండి దాదాపు ఒకేలా ఉంది. మిగతా రెండు గుంపులవారి తిండి రకరకాలు. వాళ్లు వేర్వేరు చోట్ల తిరిగి, బతికి చివరికి ఇక్కడికి చేరారు. మొదటి గుంపులో కొందరైనా పసిఫిక్‌లోని తూర్పు పాలినేషియా దీవుల్లో పుట్టి పెరిగి, పడవలో సముద్రం దాటి వచ్చినవారు కావచ్చు. అదే నిజమైతే ఆ నేలమీద తొలి అడుగు వేసిన తరం పళ్లే అవి.

రాపా నుయి, అంటే పసిఫిక్‌లో చిలీకి చెందిన ఈస్టర్ దీవి విషయంలో ఈ పరీక్ష ఒక నిందను కూడా కడుగుతోంది. చెట్లు నరుక్కుని, నేలను పాడుచేసుకుని, తమ చేటు తామే తెచ్చుకున్నారని ఆ ప్రజల గురించి ఎన్నాళ్లుగానో చెబుతున్నారు. కొందరు దాన్ని లోకానికి నీతికథ చేశారు కూడా. నార్వే అన్వేషకుడు థోర్ హెయర్‌డాల్ బృందం 1955-56లో సేకరించి నార్వేకు తరలించిన ఎముకలను, మాంసకృత్తులకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల వారీగా విడదీసి కొలిచినప్పుడు వేరే మాట వినిపించింది. 2017లో వచ్చిన ఆ లెక్క ప్రకారం వాళ్ల మాంసకృత్తుల్లో దాదాపు సగం సముద్రానిదే. అంతకుముందు అనుకున్నదానికంటే అది బాగా ఎక్కువ. పంటల నైట్రోజన్‌ను బట్టి చూస్తే నేలకు సత్తువ పెంచి మరీ సాగుచేశారు. బీడుపడుతున్న నేలను బతికించుకున్న రైతులను బుద్ధిహీనులన్నామన్నమాట! బడి పుస్తకాల్లో ఆ పాత కథ ఎక్కడున్నా దిద్దాలి.

అలాగని ప్రతి అంకెనూ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. సముద్రపు నీటిలో బరువు, తేలిక స్ట్రాన్షియాల నిష్పత్తి 0.7092 దగ్గర ఉంటుంది. అగ్నిపర్వత దీవుల బసాల్టు రాయిది 0.703, 0.704 చుట్టూ. కానీ చిన్న దీవిలో ఉప్పుగాలి పొలాలమీద పడుతూనే ఉంటుంది, రాతి గుర్తును చెరుపుతుంది. పగడపు దిబ్బల చేపల కార్బన్, నైట్రోజన్ కూడా నడిసంద్రపు చేపల్లా ఉండవు. అందుకే ఒక్క మూలకాన్ని పట్టుకుని తీర్పు చెప్పే వార్తలను, మా పత్రికలో వచ్చినవైనా సరే, ఆచితూచి నమ్మాలి.

పరీక్షకు పంటి ముక్కో ఎముక ముక్కో అరగదీయాలి. అరిగింది మళ్లీ రాదు. కాబట్టి ఎవరిని అడిగి అరగదీస్తున్నారన్నది ముందుగా తేలాల్సిన ప్రశ్న. అనుమతి అడిగితే పరిశోధన ఆగిపోతుందని భయపడేవారికి వైరౌయే జవాబు. అడిగారు, ఇచ్చారు, విద్య పెరిగింది, పెద్దలూ ఇంటికి చేరారు. హెయర్‌డాల్ సేకరణను రాపా నుయికి తిరిగి ఇవ్వడానికి 2019లో నార్వే, చిలీ ఒప్పందం చేసుకున్నాయి.

ఈ ప్రశ్న మన గడపకు దూరంగా లేదు. హిమాలయాల్లో మనుషుల ఎముకలు బయటపడ్డ రూప్‌కుండ్ సరస్సు మీద హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న అధ్యయనంలో డీఎన్ఏతో పాటు ఐసోటోపులనూ చూశారు. నాగా పూర్వీకుల అవశేషాలు ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్నాయి. 2024 అక్టోబరులో బ్రిటన్‌లో ఒక నాగా పుర్రెను వేలానికి పెట్టారు. నాగాలాండ్ నుంచి నిరసన వచ్చాక గానీ వెనక్కి తీయలేదు. పసిఫిక్ దీవుల ఎముకలైనా, నాగా కొండలవైనా, దాచుకున్న ప్రతి మ్యూజియం ముందు తన దగ్గర ఎవరెవరివి ఉన్నాయో ఆ జాబితా బయటపెట్టాలి. ఆ ఊళ్లకు కబురు పంపాలి. పరీక్ష మాట వాళ్లు సరేనన్న తర్వాత.